కుర్చీ తిప్పిన బేరం

ప్రొద్దుటూరు బట్టల బజారులో పుట్టి పెరిగినవాళ్ళు ఎన్నో ధరలు దించారు. పన్నెండు రూపాయల చీరను ఏడుకు తెచ్చినవాళ్ళున్నారు. అంగడివాడు దండం పెట్టి, ఇంకెప్పుడూ రావద్దని బతిమాలుకునేదాకా బేరమాడినవాళ్ళున్నారు. కానీ కన్నకూతురి వయసునే బేరానికి పెట్టి, రెండేళ్ళ నుంచి ఏడాదీ మూడు నెలలకు దించిన మొనగాణ్ణి మా బజారు మొత్తం మీద నేనొక్కణ్ణే. అది కూడా అరిచి గీపెట్టి కాదు. సొంత మామతో, గుడ్డ కింద చెయ్యి పెట్టి, మూడోమనిషికి తెలియకుండా తెంచిన బేరం. మా నాయన ముప్పై ఏళ్ళు అంగడి నడిపి కూడా అంత లాభసాటి బేరం చెయ్యలేదు. అందుకని మొదట ఆ గొప్ప చెప్పుకుని తర్వాత మిగతాది చెప్తాను.

అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్త. మా వీధిలో సైకిలున్నవాడే దొర. పసిపిల్లలున్నవాళ్ళు సైకిలు నడిమి కడ్డీ మీద, హ్యాండిలుకు ఆనించి చిన్న పేము కుర్చీ ఒకటి బిగించుకునేవాళ్ళు. దాన్ని రెండు విధాలుగా బిగించవచ్చు. కుర్చీ వీపు హ్యాండిలు వైపు ఉంటే బిడ్డ మన మొహం చూస్తూ కూర్చుంటుంది, దారి దాని వెనకపక్క నుంచి పోతుంటుంది. తిప్పి బిగిస్తే బిడ్డ దారిని చూస్తుంది, మనకు దాని నడినెత్తి తప్ప ఏమీ కనపడదు. రెండు మరలు విప్పి, తిప్పి, మళ్ళీ బిగించడమే పని. ఎప్పుడు తిప్పాలన్నదే తంటా.

నా కూతురు నా వైపు తిరిగి కూర్చునేది. రోజూ పొద్దున అంగడి తెరిచే ముందు దాన్ని నాలుగు వీధులు తిప్పి తెచ్చేవాణ్ణి. అది నా చొక్కా గుండీలు లాగేది, దొరికితే నోట్లో పెట్టుకునేది, నిద్రొస్తే నా కడుపుకు తల ఆనించి అక్కడికక్కడే నిద్రపోయేది. నేను ఒక చేత్తో దాని తల పట్టుకుని, ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుని, సర్కసువాడిలా ఇంటికి చేరేవాణ్ణి. అప్పటికి రాజధాని కర్నూలు విడిచి హైదరాబాదు చేరింది. రాష్ట్రమే కొత్త దిక్కుకు మొహం తిప్పుకున్న రోజుల్లో నా కూతురు మాత్రం ఇంకా నా గుండీలు చూస్తూ కూర్చోవడం నాకు నామోషీగా ఉండేది. అయితే ఆ నామోషీ కూడా నాకు సొంతంగా పుట్టింది కాదు. పులివెందులలో మా బావ దగ్గర అరువు తెచ్చుకున్నది.

మా అక్కను పులివెందులలో ధాన్యం అంగడి ఉన్న ఇంటికి ఇచ్చారు. వాళ్ళ పిల్లవాడిదీ నా కూతురిదీ ఇంచుమించు ఒకటే వయసు. ఒకసారి చూసి పోదామని వెళ్తే, నేను చెప్పులు విడవకముందే మా బావ మొదలుపెట్టాడు.

“ఏం బామ్మర్దీ, పాపను ఇంకా నీ పక్కకు తిప్పుకునే కూచోబెడతాండావంట?”

“చిన్నపిల్ల గదా బావా.”

“మావోడు ఏడాది నిండినప్పట్నుంచీ ముందరికే. దావ చూడాల, గాలి మొగానికి కొట్టాల, అప్పుడు గదా ధైర్యమొచ్చేది. నీ మొగం చూసి ఏం నేర్చుకుంటాది? గజం మీద రెండణాలు తగ్గించేదొకటేనా?”

మా అక్క కాఫీ లోటా నా చేతిలో పెట్టి నవ్వాపుకుంటూ లోపలికి పోయింది. మా బజారువాళ్ళకు తిట్టు తగలదు, పోలిక తగులుతుంది. ఎదుటి అంగడిలో నీకంటే మంచి సరుకుందని ఎవడైనా అంటే ఆ రాత్రి అన్నం దిగదు. నాకు తిరుగు బస్సులో పొడుగునా ఆ మేనల్లుడే కళ్ళ ముందు కనిపించాడు. గాలికి ఎదురుగా, నవాబులాగా, ఛాతీ విరుచుకుని.

ఇంటికి రాగానే నా భార్యతో ప్రస్తావన తెచ్చాను. ఆమె మా మేనమామ కూతురే. జమ్మలమడుగులో పత్తి దళారీ ఇంట పుట్టింది కాబట్టి మాటకు తడుముకునే రకం కాదు.

“రెండేండ్లు నిండనీండి, అప్పుడు తిప్పుదురు,” అంది.

“రెండేండ్లే ఎందుకు?”

“ఇప్పుడు దాని మొగం మీకు కనపడతాది. ఏమైనా మీకు తెలుస్తాది. అటు తిప్పినాక మొగం కనపడదు గదా, అప్పుడు మాటన్నా ఇనపడాల. నిద్దరొస్తాందనో, కాలు నొస్తాందనో అది నోరు తెరిచి చెప్పేదాకా తిప్పొద్దండి.”

ఇప్పుడు కాగితం మీద పెడితే ఇందులో అర్థం కానిది ఏమీ లేదు. ఆ రోజు మాత్రం ఈ మొత్తంలో నాకు వినపడింది ఒక్క ముక్కే, రెండేండ్లు. అంకె చెవిన పడిందంటే మా జాతికి మిగతా మాటలు వినపడవు. మొదట చెప్పింది ధర కాదు, అమ్మేవాడి ఆశ అని మాకు పాలతో పాటు పట్టించారు. చెప్పిన దానిలో సగం అడగాలి, ముప్పాతిక దగ్గర అలిగి మెట్లు దిగాలి, వెనక్కి పిలిచేదాకా నెమ్మదిగా నడవాలి.

“ఏడాదికిస్తావా?” అన్నాను.

“ఏందిచ్చేది?”

“పోనీ, ఏడాదీ ఒక నెల.”

“ఇది సీరె కాదు.”

“ఏడాదీ రెండు నెలలు. ఇంగ దీనిపైన నాకు గిట్టదు.”

“ఇంగొక్క మాటంటే మూడేండ్లు చేస్తా.”

అలిగి మెట్లు దిగాను. వీధి చివరిదాకా నెమ్మదిగానే నడిచాను. వెనక్కి పిలవలేదు. బేరమాడుతుంటే ధర పెంచే అంగడిని నేను అంతకు ముందు చూడలేదు, తర్వాత కూడా చూడలేదు.

చిల్లర అంగడిలో పని కాకపోతే టోకు వ్యాపారి దగ్గరికి పోవాలన్నది మా ఇంటి పద్ధతి. వారం తిరక్కుండానే భార్యాబిడ్డలను వెంటబెట్టుకుని జమ్మలమడుగు బస్సెక్కాను. పత్తి అమ్మకాలు అయిపోయి మా మామ పంచలో ఊరికే కూర్చుని ఉన్న రోజులు. దళారీకి బేరాలు లేని కాలం కంటే జబ్బు ఇంకొకటి లేదు. పాపం, నన్ను చూడగానే ప్రాణం లేచొచ్చింది.

“అల్లుడా, నీకూ నా కూతురికీ ఏందో తగాదా అంట?”

“తగాదా కాదు మామా. బేరం తెగల్యా.”

బేరం అన్న మాట వినగానే ఆయన వెన్ను నిటారుగా అయింది. ఇంటిలోపలికి ఒకసారి చూశాడు. నా భార్య చేటలో బియ్యం ఏరుతూ ఉంది. ఆయన భుజం మీది తుండుగుడ్డ తీసి మా ఇద్దరి చేతుల మీద కప్పాడు.

మా పక్క ఎద్దుల సంతలోనైనా, పత్తి దగ్గరైనా పెద్ద బేరాలన్నీ ఇట్లాగే జరుగుతాయి. గుడ్డ కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని ధర చెప్తారు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అన్ని పదులో, వందలో ముందుగా అనుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్ళకు ఏమీ తెలియకూడదు కాబట్టి నోటితో మాత్రం వానల గురించో, పెండ్లిళ్ళ గురించో మాట్లాడుతుంటారు.

“ఏడాది పైన ఒక్కో వేలు ఒక్కో నెల,” అన్నాను మెల్లగా.

నా భార్య అడిగింది ఏడాది పైన పన్నెండు. మా మామ నా అయిదు వేళ్ళూ రెండుసార్లు పట్టి పదితో మొదలుపెట్టాడు. అంటే కూతురి తరఫున వచ్చిన మనిషి, నేను నోరు తెరవకముందే రెండు నెలలు దిగాడు. నేను ఆయన చిటికెన వేలు ఒక్కటే పట్టుకున్నాను.

“వానలెట్లుండాయి అల్లుడా మీ పక్క?” అంటూ ఏడు పట్టాడు.

“యాడుండాయి మామా,” అని రెండు పట్టాను.

పళ్ళు ఊడిన ఎద్దును చూసినట్టు నా వంక చూశాడు. “పోయినేడు ఈ పొద్దుకు గింజ పడింది,” అని నాలుగు దగ్గర ఆగాడు. చెయ్యి వెనక్కి లాక్కున్నట్టు నటించాను. ఆయన గట్టిగా పట్టుకున్నాడు. కాసేపు ఇద్దరం వాన మాట కూడా మర్చిపోయి ఒకరి కళ్ళలోకి ఒకరం చూసుకున్నాం. మూడు వేళ్ళ దగ్గర తెగింది.

“తెగింది. ఇంగ మాట తప్పేది ల్యా,” అని గుడ్డ తీసేశాడు. తర్వాత చెయ్యి చాపాడు. “మరి దళారీ?”

నశ్యం డబ్బీ ఒకటి కొనిపెడతానని ఒప్పుకున్నాను. ఆయన మనవరాలి తరఫున అంతసేపు బేరమాడాడు గానీ ఒక్కసారి కూడా మనవరాలి వైపు చూడలేదు. నేనూ చూడలేదు. అది మా ఇద్దరి మధ్యనే గచ్చు మీద కూర్చుని, కిందికి వేలాడుతున్న తుండుగుడ్డ అంచు పట్టుకుని లాగుతూ ఉంది. దానికి అప్పటికి ఏడాదీ రెండు నెలలు దాటాయి. నోటికి వచ్చిన మాటలు అమ్మ, బువ్వ, అంతే.

“మీ నాయన ఒప్పుకున్యాడు. ఏడాదీ మూడు నెలలకు తిప్పొచ్చు,” అని నా భార్యకు చెప్పాను.

ఆమె చేట కింద పెట్టి పంచలోకి వచ్చింది. మా మామ ఆకాశంలో మబ్బులేమైనా ఉన్నాయేమోనని చూస్తున్నాడు.

“మాట ఇచ్చినా గదమ్మా,” అన్నాడు, ఆకాశంతోనే.

“దళారీ ముట్టిందా?” అంది ఆమె. మళ్ళీ చేట అందుకుంది. తండ్రి ఇచ్చిన మాట దాటే అలవాటు ఆ ఇంట్లో లేదు. దాని మీదే కదా నేను అంత దూరం టికెట్టు పెట్టుకుని పోయింది.

గడువు నిండగానే సైకిలు అంగడికి పోయి కుర్చీ తిప్పించాను. పావలా అడిగితే పదిహేను పైసలకు తెంచాను. ఆ రోజే తిప్పించడానికి ఇంకో కారణం ఉంది. బంగారం పనిమీద మా బావ పులివెందుల నుంచి పొద్దుటి బస్సుకు వస్తున్నాడు. బస్టాండులో దిగీదిగగానే నా కూతురు గాలికి ఎదురుగా కూర్చుని కనపడాలి.

బస్సు రావడానికి టైముంది. బస్టాండుకు దగ్గర దారి వదిలి, ఊరంతా చుట్టే దారి పట్టాను. బట్టల బజారులో, బంగారం అంగళ్ళ ముందు, ఎవరు పిలుస్తారా అని నెమ్మదిగా తొక్కాను.

“ఏమప్పా, పాప అప్పుడే డ్రైవరైపాయనే,” అన్నాడొక అంగడాయన గల్లా ముందు నుంచి.

“హ్యాండిలు పాపకిచ్చి పెడలు నువ్వు తొక్కుతాండావా? మీ ఇంట్లో అది మామూలే గదా,” అన్నాడు పక్కంగడాయన.

నాకు అన్నీ పొగడ్తలుగానే వినపడ్డాయి. నా ముందు చిన్న నడినెత్తి, రెండు పిలకలు, ఎర్ర రిబ్బన్లు. అది హ్యాండిలు మీద రెండు చేతులూ పెట్టి కూర్చుంది. నోట్లోంచి మాట లేదు. అంగట్లో మాట్లాడని గిరాకీకి సరుకు నచ్చినట్టు. దీనికీ ఊరు నచ్చిందనుకున్నాను.

బజారు దాటి మిల్లు వీధిలోకి తిరిగాను. వేరుశనగ కాయలు కొట్టే మిల్లు నుంచి పొట్టు గాలికి లేచి వీధంతా పరుచుకుంటుంది. ఆ వీధిలో తిరిగేవాళ్ళందరికీ కళ్ళు చికిలించి నడవడం అలవాటు. నేనూ చికిలించాను. ముందు కూర్చున్న మనిషికి ఆ విద్య ఇంకా రాదని నాకు తట్టలేదు.

అప్పుడు అది రెండు చేతులూ పైకెత్తి గట్టిగా అరిచింది. సంబరమనుకుని బెల్లు కొట్టాను. మళ్ళీ అరిచింది. మళ్ళీ కొట్టాను. అది అరిచిన కొద్దీ నేను కొట్టాను, నేను కొట్టిన కొద్దీ అది అరిచింది. మా ఇద్దరి ఊరేగింపు చూసి బండ్లవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. కాసేపటికి అరుపు తగ్గి సన్నటి మూలుగులాగా మిగిలింది. అలవాటు పడింది, ధైర్యమొచ్చేసింది అనుకున్నాను.

బస్టాండులో మా బావ అప్పుడే బస్సు దిగి పంచె దులుపుకుంటున్నాడు. ఆయన ముందుకు తీసుకుపోయి బ్రేకు వేసి, “చూస్తివా బావా?” అన్నాను.

ఆయన నన్ను చూడలేదు. బిడ్డను చూశాడు.

“ఏంది బామ్మర్దీ, పిల్ల కన్ను వాచిపోయి ఏడుస్తాంటే బెల్లు కొట్టుకుంటా వస్తాండావు?”

సైకిలు దిగి ముందుకు పోయి చూశాను. ఇంట్లో ఎక్కించిన తర్వాత దాని మొహం నేను చూడడం అదే మొదలు. కుడికన్ను మూసుకుపోయి ఎర్రగా ఉబ్బింది. నులిమి నులిమి చెంపంతా కన్నీళ్ళూ పొట్టూ కలిసి అట్టకట్టింది. రెండో కంటితో నన్ను చూసింది. చేతులు చాపాను. అది నా దగ్గరికి రాకుండా, తాను సరిగ్గా ఎరగని మా బావ వైపు చేతులు చాపింది.

ఆయన బిడ్డను ఎత్తుకుని ముందు నడిచాడు. నేను సైకిలు తోసుకుంటూ వెనక నడిచాను. డాక్టరు దగ్గరికి పోయే దారిలో ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి అడిగాను.

“మీవోనికి ఎప్పుడూ ఇట్ల కాల్యా బావా?”

“వోడు కూచునేది వాకిట్లో స్టాండేసిన సైకిలు మీద గదా. దానికి పొట్టు యాడ్నుంచొస్తాది?”

“ఏడాదప్పట్నుంచీ ముందరికే అంటివే?”

“అంటిని. స్టాండేసినావా తీసినావా అని నువ్వడిగితివా?”

పుట్టినప్పటి నుంచీ ఎదుటివాడు చెప్పిన ధర ఒక్కటి కూడా నమ్మనివాణ్ణి, ఎదుటివాడు చెప్పిన గొప్పను మాత్రం గీచిగీచి బేరమాడకుండా, అడిగిన ధరకే కొనుక్కొచ్చాను.

డాక్టరు కనురెప్ప తిప్పి పొట్టు ముక్క తీశాడు. గోరు అంచంత లేదు. కానీ నల్లగుడ్డు మీద గీత పడిందన్నాడు. మందు పెట్టి, దూది పెట్టి, కట్టు కట్టాడు. చూపు సంగతి ఏమిటని అడిగాను.

“ఇప్పుడు చెప్పలేను. కట్టు విప్పినాక చూడాల,” అన్నాడు.

ఇంటి గుమ్మం ఎక్కేటప్పుడు నా భార్య అరుస్తుందని భుజాలు బిగించుకుని పోయాను. ఆమె అరవలేదు. మా బావ చేతుల్లోంచి బిడ్డను తీసుకుంది. కట్టు చుట్టూ వేలితో ఒకసారి తడిమింది. ఏమైందో నేను చెప్తుంటే, బెల్లు కొట్టిన చోటికి వచ్చేసరికి, “చాల్లెండి,” అంది. ఆ తర్వాత రెండు రోజులు నాతో ఉప్పూ పప్పూ మాటలే.

కబురు అందుకుని మా మామ జమ్మలమడుగు నుంచి వచ్చాడు. మనవరాలికి మిఠాయి పొట్లం తెచ్చాడు. బిడ్డ ఒంటికన్నుతో పొట్లాన్ని చూస్తూ కూర్చుంది. నా భార్య ఆయన భుజం మీది తుండుగుడ్డ లాగి, తన చెయ్యి మీద కప్పుకుని, ఆయన ముందు చాపింది.

“నాయనా, దీనికింద నా బిడ్డ కన్ను ఎంతకు తెంచినావు?”

మా మామ ఆ గుడ్డ కిందికి చెయ్యి పెట్టలేదు. జేబులో నుంచి నేను కొనిచ్చిన నశ్యం డబ్బీ తీసి కిటికీలో పెట్టాడు. ఆ సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయాడు, డబ్బీ తీసుకోకుండానే.

రాత్రి అన్నాలైన తర్వాత నేను గొంతు సవరించుకున్నాను.

“రెండేండ్లకే తిప్పుదాం. నువ్వు చెప్పిన ధరే.”

“ఆ ధర పోయింది. అది ఆ పొద్దు ధర,” అంది నా భార్య. “ఇంగ మిమ్మల్ని నమ్మి నేను పంపియ్యను. అది వస్తానంటే తీసుకపోండి.”

మా అంగడి మాట మా అంగడివాడికే అప్పజెప్పింది.

కట్టు విప్పే రోజు ముగ్గురం పోయాం. డాక్టరు టార్చిలైటు వేసి అటూ ఇటూ జరిపాడు. రెండు కళ్ళూ వెలుగుతో పాటు జరిగాయి. ఎడమకన్ను మూసి మళ్ళీ జరిపాడు. కుడికన్ను ఒక్కటే వెలుతురు వెంట పోయింది, చివరికి ఆయన కళ్ళజోడు దగ్గర ఆగింది, చెయ్యి పోయి దాన్ని లాగింది. చూపు పోలేదు, గీత మాత్రం సన్నగా నిలుస్తుంది అన్నాడు. నా భార్య అక్కడే, ఆ బల్ల మీదే కూర్చుని మొదటిసారి ఏడ్చింది.

మర్నాడు సైకిలు అంగడికి పోయి కుర్చీ మళ్ళీ నా వైపు తిప్పమన్నాను.

“తిప్పేదానికెంతో మళ్ళా తిప్పేదానికీ అంతే అప్పా. పావలా,” అన్నాడు.

బేరమాడకుండా పావలా చేతిలో పెట్టాను. అతను దాన్ని వెలుతురులో రెండు పక్కలా తిప్పి చూసుకున్నాడు, చెల్లుతుందో లేదోనని.

కుర్చీ తిరిగింది గానీ మనిషి తిరగలేదు. దగ్గరికి తీసుకుపోతే చాలు, విల్లులాగా ఒళ్ళు బిగించేది. వీధిలో ఎవరి సైకిలు బెల్లు మోగినా అరచేత్తో కుడికన్ను మూసుకునేది. నేను దాన్ని భుజం మీద వేసుకుని అంగడికి నడిచి పోయేవాణ్ణి. రెండేళ్ళు నిండాయి. మాటలు వచ్చాయి, వద్దన్నా ఆగనన్ని వచ్చాయి. ఊరి సంగతులన్నీ చెప్పేది, సైకిలు మాటెత్తితే మాత్రం నోరు మూసుకునేది. ఖాళీ కుర్చీతో సైకిలు తొక్కుతుంటే బజారులో, “పాపను యాడ పడేసుకుంటివప్పా?” అని అడిగేవాళ్ళు. వాళ్ళు నవ్వులాటకే అడిగేవాళ్ళు.

దానికి రెండేళ్ళు దాటి చాలా రోజులైన తర్వాత ఒక పొద్దున సైకిలు తుడుస్తుంటే దగ్గరికొచ్చి నిలబడింది.

“నాయనా, బెల్లు కొడతావా?”

“కొట్టను.”

“శానా దూరం పోతావా?”

“నువ్వు చెప్పినంత దూరమే.”

తనే చేతులు పైకి చాపింది. నా మొహం చూస్తూ కూర్చుంది. వీధి మలుపుదాకా పోయి, “ఇంగ చాలు,” అంది. అక్కడే వెనక్కి తిప్పాను. కుర్చీని మళ్ళీ అటు తిప్పమని అది ఎప్పుడూ అడగలేదు, నేనూ ఆ మాట ఎత్తలేదు. ఇంకొన్నాళ్ళకు కాళ్ళు నా మోకాళ్ళకు తగలడం మొదలై కుర్చీనే విప్పేయాల్సి వచ్చింది.

లెక్క ఇది. బేరంలో తగ్గించింది తొమ్మిది నెలలు. అందులో వాడుకున్నది ఒక్క పూట. అందుకు అయింది, కుర్చీ అటు తిప్పినందుకు పదిహేను పైసలు, ఇటు తిప్పినందుకు పావలా, జమ్మలమడుగు బస్సు టికెట్లు, ఎవరికీ పనికిరాని నశ్యం డబ్బీ ఒకటి, డాక్టరుకూ మందులకూ కలిపి తొమ్మిది రూపాయలు. ఒక ఎండాకాలం, ఒక వానకాలం, ఒక చలికాలం, నా గుండీలు లాగుతూ ఎదురుగా కూర్చోవలసిన మనిషి లేకుండా ఉత్త సైకిలు తొక్కినవి. నా భార్య బిడ్డను నా చేతికిచ్చి గుమ్మంలో నిలబడి చూడకుండా లోపలికి పోవడానికి పట్టిన కాలం దీనికి వేరే. కంటి మీద గీత ఇంకా ఉంది, దగ్గరగా చూస్తే కనపడుతుంది. ఆ ఒక్కటి నేను కట్టింది కాదు, బేరంలో చెయ్యి పెట్టని మనిషి కట్టింది. మిగిలినవన్నీ నేను కట్టాను. పైసా తగ్గలేదు.